సీసం, తగరం, ఒక పెద్ద రివాల్వరు

(ఐడహో రాష్ట్రం బోయిజీలో తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత లోహశాస్త్ర ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే గదిలో పద్యనాటకం గురించి విన్నాం. ఈ నెల తుపాకీ గుండు గురించి వినబోతున్నాం. మన సంఘం ఎటు పోతోందో మీరే చూడండి.

నిర్వాహకులు నన్ను అడిగింది ఒక్కటే. "మాస్టారూ, మీరు గ్యారేజీలో సీసం కరిగించి ఏవో పోతలు పోస్తారట కదా, అదేమిటో చెప్పండి" అన్నారు. సరే అన్నాను. నేను వరంగల్‌లో లోహశాస్త్రం చదువుకున్నాను. ఈ దేశంలో ఫౌండ్రీల్లో పనిచేశాను. రిటైరయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఈ పని పట్టుకున్నాను. అందుకని నేను తుపాకీ గురించి తక్కువ, లోహం గురించి ఎక్కువ మాట్లాడతాను. తుపాకీ అంటే గిట్టనివాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారని తెలుసు. మా ఇంట్లోనే ఉన్నారు, రెండో వరుసలో కూర్చున్నారు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీలో సగం మంది కుర్రాళ్ళు హెచ్ వన్ బి మీద ఉన్నారు. బాబూ, శ్రద్ధగా వినండి. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఈ దేశపు ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. తుపాకీ ఒక్కటే కాదు, తూటా కూడా. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, ఇంకా ఒకటి రెండు ఉన్నాయి. కానీ అది స్నేహితుడు చెప్పాడని, వీడియోలో చూశానని నమ్మే విషయం కాదు. లాయరును అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవారి సంగతి వేరు. సొంత వాడకానికి తూటాలు తయారుచేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. ఇక ఇండియాలో? అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. వేటను 1972 నాటి వన్యప్రాణి చట్టం ఆపేసింది. కాబట్టి ఇక్కడ విన్నది ఊరికి వెళ్ళినప్పుడు తమ్ముడికి నేర్పించే ప్రయత్నం చేయకండి.

సరే. తూటా అంటే ఏమిటి? నాలుగు వస్తువులు. ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. సుత్తి ప్రైమరును కొడుతుంది, నిప్పు పుడుతుంది, మందు కాలి వాయువవుతుంది, ఆ వాయువు గుండును తోస్తుంది. ఇంతే. ఒకసారి కాల్చాక మూడు పోతాయి, ఇత్తడి గొట్టం మిగులుతుంది. ఆ గొట్టాన్ని మళ్ళీ నింపుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. గుండు కూడా కొనకుండా మనమే సీసంతో పోత పోసుకుంటే, అదిగో, అదే నా గ్యారేజీలో జరిగేది.

ఎందుకు చేస్తారు? డబ్బు ఆదా కోసమని అందరూ అంటారు. నమ్మకండి. ఆదా చేసిన డబ్బుతో ఇంకో మూస కొంటారు. అసలు కారణం వేరే ఉంది, దానికి ఒక మనిషి కథ చెప్పాలి. ఆ మనిషి మన ఐడహో వాడే.

ఇక్కడి నుంచి ఈశాన్యంగా కొండలు దాటి వెళితే సామన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఎల్మర్ కీత్ అక్కడివాడు. 1899లో మిస్సోరీలో పుట్టాడు, 1984లో పోయాడు. పశువులు కాశాడు, గుర్రాలను మచ్చిక చేశాడు, వేటగాళ్ళను కొండల్లోకి తీసుకువెళ్ళే గైడుగా పనిచేశాడు, పత్రికలకు రాశాడు. చిన్నతనంలో మొంటానా రాష్ట్రపు మిస్సోలాలో ఇల్లు అంటుకుని ఒళ్ళు తీవ్రంగా కాలింది. అయినా బతికాడు. మనిషి పొట్టి, టోపీ పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఆయన చెప్పినవన్నీ నేను నమ్మను. 600 గజాల దూరంలో గాయపడ్డ జింకను రివాల్వరుతో పడగొట్టానని రాశాడు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, పోట్లాడేవాళ్ళు ఇప్పటికీ పోట్లాడుతున్నారు. నిజమే అయినా ఎవరూ అనుకరించాల్సిన పని కాదది. కానీ లోహం దగ్గర ఆయన చూపు మాత్రం తప్పలేదు. ఒక ఫౌండ్రీ మనిషిగా ఈ మాట అంటున్నాను.

1925 జులై 4న, ఈ దేశపు పండుగ రోజున, కీత్ సంబరానికి తన 45 కోల్ట్ రివాల్వరు పేల్చాడు. ఈ 45, 44 లాంటి అంకెలు గుండు వెడల్పును అంగుళంలో నూరో వంతుల్లో ఉజ్జాయింపుగా చెప్పేవి. అందులో బరువైన గుండు, దాని వెనక దట్టించిన మందు. తూటాలు పెట్టి తిప్పే సిలిండరు పైభాగం ఊడి ఎగిరిపోయింది. చేతులు మిగిలాయి, అదృష్టం. ఇంకొకడైతే ఈ వ్యాపకం వద్దనుకునేవాడు. కీత్ ఏం చేశాడు? సిలిండరు ఎందుకు పగిలిందని ఆలోచించాడు.

మీరూ ఆలోచించండి. సిలిండరు బయటి కొలత మారదు. అందులో ఆరు రంధ్రాలు. రంధ్రం పెద్దదైతే మధ్యలో గోడ పలచబడుతుంది. రంధ్రం కాస్త చిన్నదైతే గోడ మందంగా ఉంటుంది. 45 నుంచి 44కు దిగితే పోయే వెడల్పు కొంచెమే, గోడకు వచ్చే బలం మాత్రం చెప్పుకోదగ్గది. అందుకని 44 స్పెషల్ అనే తూటా పట్టుకున్నాడు. అది 1908 ప్రాంతంలోనే వచ్చింది, కానీ కంపెనీలు దాన్ని చాలా మెల్లగా పోయేలా నింపేవి. దాదాపు పదహారు గ్రాముల గుండు, సెకనుకు 230 మీటర్ల వేగం. కీత్ అదే బరువు గుండును 365 మీటర్ల దాకా తీసుకువెళ్ళాడు. ఇరవై ఏళ్ళకు పైగా పత్రికల్లో రాస్తూనే ఉన్నాడు, కంపెనీలను పీడిస్తూనే ఉన్నాడు. చివరికి 1955 ఆఖరున రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలు కలిసి 44 మాగ్నమ్ తెచ్చాయి. దాని గొట్టం పాత 44 స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు. ఎందుకో చెప్పగలరా? అవును, అదే. కొత్త తూటా పొరపాటున కూడా పాత, బలహీనమైన రివాల్వరులో పట్టకూడదు. ఎనిమిదో వంతు అంగుళమే తాళం కప్ప.

కీత్ కథ ఇంతటితో ఆపుతాను. నాకు కావలసింది ఆయన గుండు. 1928 ప్రాంతంలో ఆయన గీసిన బొమ్మ ప్రకారం లైమన్ కంపెనీ ఒక మూస చేసింది. దాని నంబరు 429421. ఈ నంబరు అమెరికాలో ఎంతమందికి కంఠస్థమో చెప్పలేను. 250 గ్రెయిన్ల బరువు, మన లెక్కలో పదహారు గ్రాములు. ముక్కు కొసగా ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది. ముక్కు వెనక నిటారుగా ఒక భుజం. ఒళ్ళంతా మూడు వెడల్పాటి పట్టీలు. పట్టీల మధ్య ఒక లోతైన గాడి, అందులో జారుడు కోసం మైనం. పైన ఇంకో చిన్న గాడి, అందులోకి ఇత్తడి మూతిని మడుస్తారు.

ముక్కు బల్లపరుపుగా ఎందుకు? ఆ రోజుల్లో వేటకు తగ్గ విచ్చుకునే రివాల్వరు గుండ్లు లేవు. కొస ముక్కు గుండు కండను పక్కకు నెట్టి జారిపోతుంది. బల్లపరుపు ముక్కు ఎదురుగా ఉన్నదాన్ని నలిపి, తోసుకుంటూ పోతుంది. విచ్చుకోనక్కరలేదు. బరువుంది, వెడల్పుంది, తిన్నగా పోతుంది. పెద్ద జంతువుకు లోతు కావాలి, ఆ లోతు వేగం వల్ల కంటే బరువు వల్లా ఆకారం వల్లా ఎక్కువ వస్తుంది. వేటగాడు గురి చూసి సరైన చోట కొట్టగలిగినప్పుడే ఈ మాటలన్నీ. అది చేతకానివాడికి ఏ గుండూ పనికిరాదు.

ఇప్పుడు లోహానికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు పడుతుంది.

స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. బ్రినెల్ కొలతలో దాని గట్టిదనం అయిదు. దానికి తగరం కలపాలి, ఆంటిమొనీ కలపాలి. తగరం చేసే పని ముఖ్యంగా పోతకు సంబంధించింది. కరిగిన సీసం మూసలో మూలల్లోకి వెళ్ళడానికి మొండికేస్తుంది, తగరం దాన్ని ఒప్పిస్తుంది. పట్టీల అంచులు పదునుగా వస్తాయి. గట్టిదనం కొంత పెరుగుతుంది కానీ దాని అసలు పని అది కాదు. గట్టిదనం ఇచ్చేది ఆంటిమొనీ. కీత్ వాడింది పదహారు పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం. ఆంటిమొనీ లేనే లేదు. బ్రినెల్ పదకొండు చుట్టూ ఉంటుంది. ఈ పదకొండు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇన్నాళ్ళు ఈ వ్యాపకంవాళ్ళకు సీసం ఎక్కడి నుంచి వచ్చేదో తెలుసా? రెండు చోట్ల నుంచి. ఒకటి, కారు చక్రాలకు బిగించే బరువులు. టైర్ల షాపుల్లో బకెట్లతో ఇచ్చేవారు. అందులో మూడు శాతం ఆంటిమొనీ, అర శాతం తగరం, చిటికెడు ఆర్సెనిక్ ఉండేవి. రెండోది, అచ్చాఫీసులు. లైనోటైపు యంత్రాల లోహం. 84 పాళ్ళ సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. పెద్దవాళ్ళు తలలూపుతున్నారు. మన తెలుగు పత్రికలు కూడా ఒకప్పుడు ఇలాంటి లోహంతో పోసిన అక్షరాలు కూర్చి అచ్చువేసినవే కదా. కంపోజిటర్ల చేతివేళ్ళు నల్లగా ఉండేవి, గుర్తుందా? మూడు లోహాలను ఆ పాళ్ళలో కలిపితే 240 డిగ్రీల దగ్గరే, ఒక్క ఉష్ణోగ్రత దగ్గరే, మొత్తం ఒకేసారి కరుగుతుంది, ఒకేసారి గడ్డకడుతుంది. మూస నిండా పట్టి అంచులు చెక్కినట్టు వస్తాయి. అక్షరానికి కావలసింది అదే, గుండుకూ కావలసింది అదే. న్యూయార్క్ టైమ్స్ 1978 జులైలో సీసం వదిలి కంప్యూటరుకు మారింది. తర్వాత కొన్నేళ్ళు ఈ దేశంలో లైనోటైపు లోహం తవ్వినకొద్దీ దొరికింది. ఇప్పుడు అదీ అయిపోయింది. చక్రాల బరువులూ మారాయి. కాలిఫోర్నియా 2010 నుంచి సీసపు బరువులను నిషేధించింది, ఇంకొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు ఇనుమువీ జింకువీ వస్తున్నాయి. ఇనుము పైకి తేలుతుంది, తీసి పారేయవచ్చు. జింకు కలిసిపోయిందో, కుండ మొత్తం జావలా తయారవుతుంది, పోత పాడు. జింకు 419 డిగ్రీలకు గానీ కరగదు కాబట్టి మంట తగ్గించి పెట్టుకుంటే అదీ తేలుతుంది, గరిటెతో తీసేయవచ్చు. మంట పెంచి తొందరపడేవాడికి జింకే సరైన గురువు.

సరే, పాత లైనోటైపు లోహం బ్రినెల్ 22. కీత్ గుండు పదకొండు. రెండింతలు గట్టి. ఏది మంచిది?

చేతులెత్తండి. గట్టిది మంచిదనేవాళ్ళు? చాలామందే ఉన్నారు. నాకు తెలిసిన షూటర్లలో కూడా చాలామంది అదే అంటారు. ఇవాళ నేను వచ్చిందే ఈ ఒక్క విషయం చెప్పడానికి. గుండు కొలత బ్యారెల్‌కు సరిపోతే మెత్తదనం సమస్య కాదు. కొలత సరిపోకపోతే గట్టిదనం కాపాడదు.

సమస్య ఏమిటో చెప్తాను. సీసపు గుండు వేగంగా పోతున్నప్పుడు బ్యారెల్ లోపల సీసం పూతలా అంటుకుంటుంది. నాలుగు తూటాలు కాల్చేసరికి గురి చెడుతుంది, ఆ తర్వాత గంటసేపు తోముకోవాలి. 1935లో 357 మాగ్నమ్ అనే తూటా వచ్చినప్పుడు ఫ్యాక్టరీ సీసపు గుండ్లతో ఇదే గోల. అప్పటి నుంచి జనం మనసులో ఒక సూత్రం స్థిరపడిపోయింది. సీసం మెత్తన, అందుకే రాసుకుపోతోంది, కాబట్టి గట్టిది పోయాలి. వినడానికి ఎంత సబబుగా ఉంది! బలపం గోడకు రాసుకున్నట్టు అనుకుంటున్నారు. కానీ ఎక్కువ సందర్భాల్లో జరిగేది రాపిడి కాదు. వాయువు జారిపోవడం. గుండుకూ బ్యారెల్ గోడకూ మధ్య వెంట్రుకవాసి సందుంటే, కాలుతున్న వాయువు విపరీతమైన ఒత్తిడితో ఆ సందులోంచి ముందుకు దూకుతుంది. ఆ వేడికి గుండు అంచు కరిగి, కోసుకుపోయి, గోడకు చిమ్ముతుంది. ఇప్పుడు చెప్పండి, గట్టి గుండు పోస్తే సందు మూసుకుంటుందా? మూసుకోదు. పైగా మెత్తని గుండైతే వెనక నుంచి వచ్చే ఒత్తిడికి అడుగు కొద్దిగా ఉబ్బి సందును తనే మూసేది. గట్టిది ఉబ్బదు. రోగానికి వేసిన మందే రోగం పెంచుతుంది.

రివాల్వరులో ఇంకో చిక్కుంది. మీలో చిప్పుల తయారీలో ఉన్నవాళ్ళు నానోమీటర్లలో మాట్లాడతారు. నా లోకంలో అంగుళంలో వెయ్యో వంతు చాలు, అంటే 25 మైక్రాన్లు. రైఫిల్ అయితే తూటా కూర్చునే గది, బ్యారెల్ ఒకటే ముక్క. రివాల్వరులో సిలిండరు వేరు, బ్యారెల్ వేరు, మధ్యలో ఖాళీ. గుండు ముందు సిలిండరు మూతి దాటాలి, ఖాళీ మీదుగా దూకాలి, అప్పుడు బ్యారెల్‌లోకి దూరాలి. 44 మాగ్నమ్ బ్యారెల్ లోపల మెలికగా చెక్కిన గాడుల అడుగున కొలిస్తే వెడల్పు 0.429 అంగుళాలు. సిలిండరు మూతులు తుపాకీని బట్టి 0.429 ఉండవచ్చు, 0.432 ఉండవచ్చు. ఒక్కో తయారీదారు ఒక్కో రకం, ఒక్కోసారి ఒకే సిలిండరులో ఆరూ ఆరు రకాలు. మూతి పెద్దదై గుండు చిన్నదైతే వాయువు పక్కల నుంచి దూకుతుంది. మూతి బ్యారెల్ కంటే చిన్నదైతే ఇంకా ఘోరం. గుండు అక్కడ నలిగి సన్నబడి, వదులుగా బ్యారెల్‌లోకి వస్తుంది. మీరు ఎంత పెద్ద గుండు పోసినా అంతే, మూతి దాన్ని కోసి పంపుతుంది. తుపాకీ బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళి మూతులు పెద్దవి చేయించుకోవడం తప్ప దారి లేదు. ఆ తుపాకీతో ఏళ్ళ తరబడి ఒక మిశ్రమం తర్వాత ఇంకో మిశ్రమం మారుస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. మైక్రోమీటరు ఒక్కసారి పెట్టి చూడరు!

ఎలా కొలవాలి? మెత్తని సీసపు ముక్కను నూనె రాసిన ఖాళీ బ్యారెల్‌లోంచి మెల్లగా తోస్తే లోపలి కొలత దాని మీద ముద్రపడుతుంది. ఆరు మూతుల్లోంచీ అలాగే. గుండు మూతిలో చేతివేలితో నెడితే బిగువుగా దూరాలి, జారిపోకూడదు. అంతే. ఈ పరీక్షకు డిగ్రీ అక్కరలేదు.

కంపెనీలు అమ్మే పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ ఒక సూత్రం కనిపిస్తుంది. బ్రినెల్ సంఖ్యను 1422తో గుణిస్తే, ఆ గుండు ఎంత ఒత్తిడికి ఉబ్బుతుందో పౌండ్లలో వస్తుందట. ఇది చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. ఈ 1422 ఎక్కడిది? చదరపు మిల్లీమీటరుకు కిలోగ్రాములను చదరపు అంగుళానికి పౌండ్లుగా మార్చే అంకె! యూనిట్లు మార్చి సూత్రమన్నారు. లోహం శాశ్వతంగా ఆకారం మార్చుకోవడం మొదలుపెట్టే ఒత్తిడి సాధారణంగా గట్టిదనం అంకెలో మూడో వంతు చుట్టూ ఉంటుంది. పైగా ఈ పనంతా సెకనులో వెయ్యో వంతు సమయంలో జరిగిపోతుంది. బ్రినెల్ పరీక్ష తీరిగ్గా, సెకన్ల కొద్దీ నొక్కి చేసేది. ఆ లెక్క పట్టుకుని, 44 మాగ్నమ్ గరిష్ఠ ఒత్తిడి 36,000 పౌండ్లు కాబట్టి బ్రినెల్ 25 కావాలని వాదించేవాళ్ళున్నారు. కీత్ పదకొండుతో జీవితమంతా కాల్చాడు, వాయువు నుంచి కాపాడటానికి గుండు అడుగున తొడిగే రాగి కప్పు కూడా లేకుండా. ఆ అంకెకు ఆయన తుపాకీలు ఎందుకు లొంగలేదంటారు?

గట్టిదనం కావలసిన సందర్భాలు లేవనను. 454 కాసుల్ లాంటి తూటాలు ఉన్నాయి, వాటి ఒత్తిడి రైఫిళ్ళతో సమానం. అక్కడ గట్టి మిశ్రమం, అడుగున రాగి కప్పు న్యాయమే. అలాంటివారి కోసం ఒక చిన్న వింత చెప్తాను. చక్రాల బరువుల లోహంతో గుండు పోసి, మూసలోంచి వేడిగా ఉండగానే నీళ్ళ బకెట్‌లో పడేయండి. అప్పటికప్పుడు కొలిస్తే పెద్ద తేడా ఉండదు. కొన్ని రోజులు ఆగి కొలవండి. పన్నెండు ఉన్నది ఇరవై దాటుతుంది. ఏం జరిగింది? 252 డిగ్రీల దగ్గర సీసం తనలో మూడున్నర శాతం ఆంటిమొనీని కరిగించుకోగలదు. గది వేడి దగ్గర పావు శాతం కూడా కష్టమే. నెమ్మదిగా చల్లారిస్తే మిగిలిన ఆంటిమొనీ బయటికి వచ్చేసి గుంపు కడుతుంది. చటుక్కున నీళ్ళలో వేస్తే బయటికి వచ్చే వ్యవధి దొరకదు, లోపల ఇరుక్కుపోతుంది. తర్వాత రోజుల తరబడి సన్నటి రేణువులుగా విడివడుతూ లోహాన్ని బిగిస్తుంది. ఆ చిటికెడు ఆర్సెనిక్ ఈ పనికి ఊతం. విమానాల అల్యూమినియం గట్టిపడేదీ ఈ దారినే.

ఇంకో వింత. ఇనుమును, రాగిని సుత్తితో చల్లగా కొడితే గట్టిపడతాయి. సీసాన్ని కొడితే? ఇలా గట్టిపరచిన సీసాన్ని నలిపితే మెత్తబడుతుంది. సీసానికి మన గది వేడే కొలిమి వేడితో సమానం. నలిగిన చోట స్ఫటికాలు అక్కడికక్కడే మళ్ళీ పుడతాయి. అందుకే కొలతకు సరిచేసే అచ్చులోంచి నెట్టడం ముందు, గట్టిపరచడం తర్వాత. వరస తిరగేస్తే మీరు కష్టపడి తెచ్చిన గట్టిదనం సరిగ్గా గోడను తాకే చోటే పోతుంది.

పోత సంగతి తొందరగా చెప్తాను, ఎందుకంటే అది చూసి నేర్చుకోవాలి, విని కాదు. లోహం 370 డిగ్రీల చుట్టూ. పైన తేలే తెట్టును మైనం గానీ రంపపు పొట్టు గానీ వేసి కలిపి తీసేయాలి. మూస వేడెక్కేదాకా వచ్చే గుండ్లన్నీ ముడతలు పడే వస్తాయి. మొదటి దోసె పెనానికి అన్నట్టే, వాటిని తిరిగి కుండలో వేసేయడమే. మూస మరీ వేడెక్కితే గుండు మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంది. అది తప్పు కాదు, చూపుకు బాగుండదంతే. ఒక్క విషయంలో మాత్రం సరదా లేదు. నీళ్ళు. కరిగిన సీసం అడుగుకు ఒక్క నీటిచుక్క చేరితే అది ఆవిరై కుండ మొత్తాన్ని పైకి చిమ్ముతుంది. తడి గరిటె, వానకు తడిసిన దిమ్మె, నుదుటి చెమట, ఏదైనా చాలు. ముఖానికి షీల్డు, చేతులకు తోలు తొడుగులు, కాళ్ళకు బూట్లు. చెప్పులతో చేసేవాళ్ళను చూశాను. మనవాళ్ళే.

ఏమ్మా? సీసం విషం కదా అంటున్నారు. నిస్సందేహంగా విషమే. కానీ అది ఒంట్లోకి వచ్చే దారి మనం అనుకునేది కాదు. ఆవిరి పీలుస్తామని అందరికీ భయం. సీసం మరిగేది 1,700 డిగ్రీలు దాటాక. 370 దగ్గర ఆవిరి దాదాపు లేనట్టే. అసలు ప్రమాదం ధూళి. గీకి తీసిన తెట్టులో ఉండే సీసపు ఆక్సైడు పొడి, ఇత్తడి గొట్టాలు శుభ్రం చేసే యంత్రంలో పేరుకునే దుమ్ము, ఇండోర్ షూటింగ్ రేంజిలో ప్రైమర్ల పొగ. ప్రైమర్లలోనూ సీసపు సమ్మేళనమే ఉంటుంది. ఆ ధూళి చేతికి, చేయి నోటికి. అదే చొక్కాతో ఇంట్లోకి వచ్చి మనవడిని ఎత్తుకుంటే పసివాడి ఒంట్లోకి. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని ఇక్కడి ఆరోగ్య సంస్థ 2021లో హద్దు పెట్టింది. అసలు క్షేమమైన మోతాదంటూ లేదు. నా చొక్కా గ్యారేజీలోనే ఉంటుంది, దాన్ని విడిగా ఉతుకుతాం. కాఫీ గ్యారేజీలోకి రాదు. ఏడాదికోసారి రక్తపరీక్ష. రెండో వరుసలో ఉన్నవారు పెట్టిన షరతులివి, నావి కావు. ఇంకో మాట, పాత కారు బ్యాటరీలు ఎప్పుడూ ముట్టుకోకండి. వాటి పలకలు కరిగిస్తే ఆర్సెనిక్, ఆంటిమొనీల విషవాయువులు పుట్టవచ్చు. మన దేశంలో పెరళ్ళలో బ్యాటరీలు కరిగించే చోట్ల పిల్లల గతి ఏమవుతోందో పత్రికల్లో చదివే ఉంటారు.

తూటా నింపడం గురించి. ఎంత మందు పోయాలని అడగకండి, ఈ వేదిక మీద నేను ఒక్క అంకె కూడా చెప్పను. మందు కంపెనీలు పరీక్షించి అచ్చువేసిన పుస్తకాలున్నాయి, అందులోని అంకె, అదే గుండుకు, అదే మందుకు. పుస్తకంలో కనిష్ఠంతో మొదలుపెట్టాలి. కొన్ని నెమ్మది మందులను పుస్తకం కంటే తగ్గించి పోయడమూ ప్రమాదమే, సరిగ్గా అంటుకోక గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కోవచ్చు. తర్వాతి తూటా దాని వెనక పేలితే ఏమవుతుందో కీత్ సిలిండరు చెప్పింది. త్వరగా కాలే మందులైతే కొంచెమే పడతాయి, అదే గొట్టంలో రెండుసార్లు పోసినా కంటికి ఆనదు. అందుకే గుండు పెట్టేముందు ప్రతి గొట్టంలోకీ దీపం వేసి చూస్తాను. ఫోను మోగితే పని ఆపేస్తాను, మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటాను. చివరన గొట్టం మూతిని గుండు గాడిలోకి గట్టిగా మడవాలి. ఈ పెద్ద రివాల్వర్లు ఎంత తన్నుతాయంటే, మడత వదులైతే మిగిలిన గదుల్లోని గుండ్లు ఆ కుదుపుకు ముందుకు జరిగి సిలిండరు తిరగకుండా అడ్డుపడతాయి. ఎదురుగా ఎలుగుబంటి ఉన్నప్పుడు తెలుసుకోవాల్సిన విషయం కాదది.

వెనక నుంచి ఒక బాబు అడుగుతున్నాడు, రాబందుల సంగతేమిటని. మంచి ప్రశ్న, తప్పించుకోను. వేటగాడు చంపిన జంతువు పేగులు అక్కడే వదిలేస్తాడు. అందులో సీసపు తునకలుంటాయి. కాలిఫోర్నియా కాండార్ అనే పెద్ద రాబందు వాటిని తిని సీసం విషంతో చస్తోంది. 1982లో ఆ పక్షులు 22 మాత్రమే మిగిలాయి. 1987లో అడవిలో మిగిలినవాటిని కూడా పట్టి, పెంచి, మళ్ళీ వదులుతున్నారు. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా ఆపేసింది. దేశమంతటా నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలు 1991 నుంచే లేవు. మనవైపు రాబందులు పశువులకు వేసే డైక్లోఫినాక్ వల్ల పోయాయి, 2006లో ఆ మందును ఆపారు. అక్కడా ఇక్కడా పక్షిని చంపింది కళేబరమే.

మా వ్యాపకంవాళ్ళు వెంటనే ఒక వాదన తెస్తారు. వేగంగా పోయే రైఫిల్ గుండు దుమ్ములా చిట్లుతుంది, మా పోత గుండు నెమ్మదిగా పోయి ఒకే ముక్కగా అవతలికి వెళ్ళిపోతుంది, మాది తక్కువ పాపం అని. చాలావరకు నిజమే. కానీ ఎముకకు తగిలితే ఇదీ కొంత రాలుతుంది. ఆ లైనోటైపు లాంటి గట్టి మిశ్రమమైతే పెళుసు, మెత్తనిదాని కంటే ముందే విరుగుతుంది. చూశారా, గట్టిదనం అక్కడా ఆదుకోలేదు. నా మట్టుకు నేను వేటకు వెళ్ళడం మానేశాను, వయసు వల్ల. ఇప్పుడు కాగితానికీ ఇనుప పలకలకూ కాలుస్తున్నాను. ఇప్పుడు వేటకు వెళ్ళేవాళ్ళు అడిగితే పేగులు లోతుగా పాతిపెట్టండి, కుదిరితే రాగి గుండు కొనుక్కోండి అంటాను. రాగి తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది, గొట్టంలో మందు చోటు తింటుంది. దాని లెక్కలు వేరే.

ఇంకొకరు అడుగుతున్నారు, సీసం మీద మైనం బదులు రంగుపొడి పూసి పొయ్యిలో కాలుస్తున్నారట, బాగుంటుందా అని. పౌడర్ కోటింగ్. బాగుంటుంది. చేతికి సీసం అంటదు, పొగ తక్కువ. నేను తేనెమైనం వాసనకు అలవాటుపడ్డవాణ్ణి కాబట్టి మారలేదు, అంతకంటే వేరే కారణం లేదు. ఒకటే చెప్తాను, వంటింటి పొయ్యి వాడకండి. ఒకసారి అందులో గుండ్లు కాల్చాక మళ్ళీ కేకు చేయకూడదు. పాత టోస్టర్ ఓవెను ఒకటి గ్యారేజీకి కొనుక్కోండి. పూత కూడా మందమే కదా, గుండు కొలత అంగుళంలో రెండు వెయ్యో వంతుల దాకా పెరుగుతుంది, కాబట్టి పూశాక మళ్ళీ కొలవాలి. మైక్రోమీటరు నా దగ్గర ఉంది, కావలసినవాళ్ళు భోజనాలయ్యాక వచ్చి చూడవచ్చు. గుండ్లు మాత్రం తేలేదు, ఈ హాలు నియమాలు ఒప్పుకోవు.